తెర మీది మాట – పలక మీది మాట



గత విద్యా సంవత్సరంలో మా ఏడవ తరగతిలో జరిగిన ఒక చిన్న సంఘటనతో మొదలుపెడతాను. పాఠం ముగిసిన తర్వాత మిగిలిన పది నిమిషాలలో, "ఎవరైనా ఒక పద్యమో పాటో వినిపించండి" అన్నాను. వెనుక బల్ల నుండి ఒక పిల్లవాడు లేచి నిలబడి, 'దానవీరశూరకర్ణ' చిత్రంలో దుర్యోధనుడు కర్ణుని పక్షాన పలికే సుదీర్ఘమైన సంభాషణను ఆద్యంతం వినిపించాడు. సమాసాలు ఎక్కడా విరగలేదు. ఒత్తులు ఎక్కడా జారలేదు. చెయ్యి చాపవలసిన చోట చాపాడు, గొంతు పెంచవలసిన చోట పెంచాడు. తరగతి అంతా చప్పట్లు. నేనూ చప్పట్లు కొట్టాను.

ఆ ఉత్సాహంలో, వాడు పలికిన వాక్యాలలో ఒకదానిని నల్లబల్ల మీద వ్రాసి, "ఇప్పుడు దీనిని చదువు నాయనా" అన్నాను. వాడు బల్ల వైపు చూశాడు. నా వైపు చూశాడు. "అయ్యా, ఇది ఏమిటి?" అన్నాడు. అర నిమిషం క్రితం తన నోటి నుండి వచ్చిన వాక్యమే అది.

ఈ సంఘటన జరిగిన వారానికే ఆ పిల్లవాని తల్లి బడికి వచ్చింది. వచ్చే ఏడు తెలుగు తరగతి మాన్పించి, ఆ గంటను లెక్కల ట్యూషన్‌కు వాడుకుంటామని ఆమె మాట. "ఇంట్లో పొద్దస్తమానం తెలుగు టీవీనే గదా సార్. సినిమాలన్నీ వాడికి నోటికి వచ్చు. ఇంక బడిలో ఎందుకు?" అని అడిగింది. ఆమె అడిగిన తీరులో తప్పేమీ లేదు. చెన్నైలో తెలుగు బోధించే ప్రతి ఉపాధ్యాయుడూ ఈ ప్రశ్నను ఏదో ఒక రూపంలో ఎదుర్కొన్నవాడే. ఆనాడు నేను సరియైన సమాధానం చెప్పలేకపోయాను. "ఈ సంవత్సరం పూర్తి కానివ్వండమ్మా, తర్వాత చూద్దాం" అని మాత్రం వేడుకున్నాను. ఆ సమాధానం కోసం వెదుకుతూ, సినిమా మాటకూ ఏలుబడికీ మధ్యనున్న సంబంధం దాకా వెళ్ళవలసి వచ్చింది. అందుకు మన నగరం కంటె తగిన చోటు మరొకటి లేదు.

మా నాన్నగారు స్టూడియోలలో సెట్లు వేసే వడ్రంగి. మేము వడపళనిలో ఉండేవాళ్ళం. పగలంతా చెక్కతో కోటగోడలూ సింహాసనాలూ తయారుచేసి, రాత్రి ఇంటికి వచ్చి విరిగిన మంచంకోడు బాగుచేసేవారు. "సింహాసనం వెనక్కి వెళ్ళి చూస్తే అంతా మేకులేరా" అని నవ్వేవారు. ఆ మాటలోని లోతు నాకు చాలా కాలానికి గాని తెలియలేదు.

ఆ రోజులలో త్యాగరాయనగర్ బజుల్లా రోడ్డులో నందమూరి తారక రామారావు గారి ఇల్లు ఒక యాత్రాస్థలం. తిరుపతిలో స్వామి దర్శనం ముగించుకున్న తెలుగు యాత్రికులు బస్సులలో మద్రాసు వచ్చి, ఆయన వాకిట నిలబడేవారు. గుండు చేయించుకున్న తలలతో, నుదుట నామాలతో ఉన్న ఆ జనం ఒక నటుణ్ణి చూడడానికి వచ్చారా, తెర మీద చూసిన కృష్ణుణ్ణి చూడడానికి వచ్చారా అన్నది వారినే అడిగినా చెప్పగలిగేవారు కాదేమో. 1957 నాటి 'మాయాబజార్' తర్వాత తెలుగువారికి కృష్ణుని ముఖం ఆయన ముఖమే అయిపోయింది.

అయితే సినిమాకూ రాజకీయానికీ సంబంధం ఆయనతోనే మొదలైందనుకోవడం పొరపాటు. మద్రాసులో తయారైన తెలుగు సినిమా తొలి దశలోనే ఆ దారి పట్టింది. గూడవల్లి రామబ్రహ్మం గారు 1938లో 'మాలపిల్ల' తీసి అంటరానితనాన్ని ప్రశ్నించారు. మరుసటి ఏడు 'రైతుబిడ్డ' తీసి జమీందారీ వ్యవస్థను ప్రశ్నించి, జమీందార్ల ఆగ్రహాన్ని చవిచూశారు. రామారావు గారు తొలిసారి తెర మీద కనిపించిన 'మనదేశం' (1949) కూడా స్వాతంత్ర్యోద్యమ కథే. అందులో ఆయన వేసింది చిన్న పోలీసు పాత్ర. అప్పటికి సినిమా రాజకీయాలు మాట్లాడుతున్నదే గాని, సినిమావారు ఏలుబడికి రాలేదు.

ఆ రెండవ అడుగు తమిళులది. సి.ఎన్. అన్నాదురై గారు 'వేలైక్కారి' (1949)కి, కరుణానిధి గారు 'పరాశక్తి' (1952)కి మాటలు వ్రాశారు. 'పరాశక్తి' సంభాషణలు పుస్తకంగా అచ్చయి అమ్ముడుపోయాయి. కుర్రకారు వాటిని కంఠస్థం చేశారు. 1967 మార్చిలో అన్నాదురై గారు ముఖ్యమంత్రి అయ్యారు. విచిత్రమేమంటే, అదే సంవత్సరం జనవరిలో అమెరికాలో రోనాల్డ్ రీగన్ అనే సినిమా నటుడు కాలిఫోర్నియా గవర్నరుగా ప్రమాణం చేశారు. ఆయన అంతకుముందు, 1954 నుండి 1962 వరకు, ఒక టీవీ కార్యక్రమానికి సమర్పకునిగా వారం వారం అమెరికా ఇళ్ళలోకి వచ్చేవారు. 1981లో ఆయన ఆ దేశాధ్యక్షులు కూడా అయ్యారు. ఆ తర్వాత 2003లో ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ అదే కాలిఫోర్నియాకు గవర్నరు అయ్యారు. 2004లో మొదలైన ఒక టీవీ కార్యక్రమంలో యజమాని కుర్చీలో కూర్చుని ఉద్యోగార్థులను ఇంటికి పంపించిన డోనాల్డ్ ట్రంప్ 2016లోనూ 2024లోనూ అధ్యక్ష ఎన్నికలలో గెలిచారు. తెర మీద చూసిన మనిషిని నమ్మడం చదువులేని జనం బలహీనత అని కొందరు చదువుకున్నవారు తేలికగా అంటూ ఉంటారు. అంత చదువుకున్న దేశంలోనూ అది ఉన్నది.

కాని తమిళనాడు విషయంలో ఒక భేదం గమనించవలసి ఉన్నది. ఇక్కడ ముందు అధికారానికి వచ్చినవారు రచయితలు. వారి వెనుక నటుడు వచ్చారు. ఎం.జి.ఆర్. గారు 1972లో పార్టీ స్థాపించి, 1977లో ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికే తమిళ రాజకీయానికి అక్షరం మీద పట్టు ఏర్పడింది. వేదిక మీద పలికిన మాట మరునాడు పత్రికలో అచ్చయ్యేది, దానిని చదివి వాదించుకునేవారు. మన తెలుగునాట రాజకీయాలలో ముందు నటుడు వచ్చారు. ఇది నింద కాదు. రెండు భాషల చరిత్రలు నడిచిన క్రమం వేరని మాత్రమే నా మాట.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పుకోవాలి. 1964లో తాపీ చాణక్య గారి దర్శకత్వంలో రామారావు గారు ద్విపాత్రాభినయం చేసిన 'రాముడు భీముడు' వచ్చింది. ఒకడు బావ కొరడా దెబ్బలు తినే పిరికివాడు. రెండవవాడు అతని స్థానంలోకి వచ్చి ఆ కొరడాకు సమాధానం చెప్పేవాడు. మరుసటి ఏడు అదే కథ, అదే దర్శకునితో, బి. నాగిరెడ్డి గారి నిర్మాణంలో 'ఎంగ వీట్టు పిళ్ళై'గా తమిళంలో వచ్చింది. అందులో కొరడా పట్టినవారు ఎం.జి.ఆర్. అదే కథ 1967లో 'రామ్ ఔర్ శ్యామ్' పేరుతో హిందీలోకి వెళ్ళగా, అందులో నటించిన దిలీప్ కుమార్ గారు తర్వాతి కాలంలో రాజ్యసభ సభ్యులయ్యారు. ఒకే కథలో నటించిన ముగ్గురూ చట్టసభలకు చేరారు. పీడించేవాని చేతిలోని కొరడా లాక్కునే మనిషి కోసం జనం ఎంతగా ఎదురుచూశారో దీనిని బట్టి ఊహించవచ్చును.

1982 మార్చి 29న రామారావు గారు తెలుగుదేశం పార్టీని ప్రకటించారు. 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. మధ్యలో గడిచింది తొమ్మిది నెలలే. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. మా వీధిలో మనిషి, మా నాన్నగారు చెక్కిన సింహాసనం మీద కూర్చున్న మనిషి, నిజంగా ఏలుబడికి వచ్చారని మాకు పండుగ. కాని మాలో ఎవరికీ ఆయనకు వోటు వేసే వీలు లేదు. మా వోట్లు తమిళనాడులో ఉన్నాయి. వోటు వేసింది మా అవ్వ.

అవ్వది నెల్లూరు జిల్లాలో గూడూరు దగ్గర పల్లె. అక్షరం ముక్క రాదు. ఆ వేసవి సెలవులకు వెళ్ళినప్పుడు, "అవ్వా, నువ్వు కృష్ణుడికే వోటు వేశావా?" అని అడిగాను. ఆమె వేరుసెనక్కాయలు ఒలుస్తూ తల ఎత్తకుండానే, "ఏందబ్బయా ఆ మాట. కృష్ణుడికి దణ్ణం పెడతాను. వోటు మటుకు రెండు రూపాయలకు బియ్యం ఇస్తానన్నాయనకు వేశాను. ఇయ్యకపోతే వచ్చేసారి వెయ్యను" అన్నది.

చదువురాని అవ్వ తెర మీది కృష్ణుణ్ణీ వోటు అడిగిన మనిషినీ వేరుచేసి చూడగలిగింది. చదువుకుంటున్న నేను చూడలేకపోయాను. కనుక వివేకం అక్షరాల వలననే వస్తుందని నేను అనను. కాని అవ్వ లెక్కలోకి వచ్చినది కిలో బియ్యం ధర. అది రెండు రూపాయలా కాదా అన్నది ఆమె కొంగులోని చిల్లరే చెప్పేది. చేతికి చిక్కని వాగ్దానాలను, ఒప్పందాలను, చట్టాలను లెక్క చూసుకోవడానికి కాగితం కావాలి, కాగితం చదవడం రావాలి.

అటువంటి కాగితమే ఒకటి అదే 1983లో వ్రాయబడింది. కొరడా కథలో నటించిన ఇద్దరు హీరోలు, ముఖ్యమంత్రులుగా, కృష్ణా నీటిని చెన్నైకి తెచ్చే తెలుగుగంగ పథకంపై ఒప్పందానికి వచ్చారు. అప్పటికే కృష్ణా పరీవాహక రాష్ట్రాలు మూడూ తలా 5 టి.ఎం.సి.లు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. ఆ 15 టి.ఎం.సి.లలో ఆవిరి నష్టం పోగా 12 టి.ఎం.సి.లు చెన్నై తాగునీటికి. శ్రీశైలం నుండి సోమశిల, కండలేరు మీదుగా పూండి జలాశయానికి దారి. బిందెలతో లారీ నీళ్ళ కోసం వరుసలో నిలబడిన మాకు, ఇద్దరు హీరోలు చేతులు కలిపారు గనుక నీళ్ళు రేపే వస్తాయనిపించింది. సినిమాలో అయితే పాట ముగిసేలోగా వచ్చేవి. నిజానికి ఆ నీరు తమిళనాడు సరిహద్దు దాటినది 1996లో. అప్పటికి ఎం.జి.ఆర్. గారు (1987) లేరు, రామారావు గారు ఆ సంవత్సరం జనవరిలోనే కన్నుమూశారు. కాలువ త్రవ్వినవారి పేర్లు ఏ తెర మీదా పడలేదు. కాని ఈనాటికీ మా పిల్లలు తాగే నీటిలో ఆ కాలువ నీటి పాలు ఉన్నది.

ఈ చరిత్రకు మా తరగతి గదితో మరొక సంబంధం కూడా ఉన్నది. తెలుగు చిత్ర పరిశ్రమ హైదరాబాదుకు తరలింది. ప్రభుత్వాల ప్రోత్సాహమూ అందుకు తోడ్పడింది. ఒకరోజున కాదు, ఇరవై ఏండ్లపాటు కొంచెం కొంచెంగా సాగింది. నటులతోపాటు మేకప్ వారు, వడ్రంగులు, దర్జీలు, లైట్లు మోసేవారు వెళ్ళారు. వారి పిల్లలూ వెళ్ళారు. నా బల్ల మీద పక్కన కూర్చున్న ఇద్దరు స్నేహితులు అలా వెళ్ళినవారే. మా నాన్నగారు వెళ్ళలేదు. తెలుగు తరగతులలో సంఖ్య తగ్గడానికి ఇతర కారణాలు అనేకం ఉన్నాయి. ఇంగ్లీషు మాధ్యమం మీది మోజు ఒకటి. 2006 నాటి తమిళ బోధనా చట్టం మరొకటి. అది 2006-07లో ఒకటవ తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున పదవ తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి చేసింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు పరీక్షలో మినహాయింపు కోసం న్యాయస్థానాలకు వెళ్ళవలసి వచ్చింది. ఉన్న నేల భాష నేర్వడం మన ధర్మమే. నేను తమిళం చదువుకున్నవాడినే, ఆ భాషకు ఋణపడినవాడినే. కాని ఆ భాష వచ్చిన చోట మన భాష గంట ఎలా కుదించుకుపోయిందో తల్లిదండ్రులు చూస్తున్నారు.

అయితే మన భాష మన ఇండ్లలో వినిపించడం మాత్రం తగ్గలేదు, పెరిగింది. 1995లో జెమిని, ఈటీవీ చానెళ్ళు వచ్చాయి. ఇప్పుడు చేతిలోని ఫోనులో తెలుగు సినిమా ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది. అందుచేతనే ఆ తల్లి అడిగిన ప్రశ్న సహజమైనది. భాష ఇంట్లో మోగుతూనే ఉన్నది గదా, బడి ఎందుకు?

నాకు సమాధానం ఆ పిల్లవాడే చెప్పాడు.

వానికి వర్ణమాల మొదటి నుండి మొదలుపెట్టి నేర్పే ఓపిక నాకున్నా వానికి లేదు. కనుక వాని బలంతోనే పని మొదలుపెట్టాను. "నీకు వచ్చిన దుర్యోధనుని మాటలే వ్రాద్దాం, రోజుకు ఒక్క వాక్యం" అన్నాను. వాడు పలికేవాడు, నేను బల్ల మీద వ్రాసేవాడిని, వాడు నోటుబుక్కులో దించుకునేవాడు. ఏ ధ్వనికి ఏ అక్షరమో వాని చెవికి ముందే తెలుసు గనుక, గుణింతాలు నేను అనుకున్నదానికంటె త్వరగా పట్టుబడ్డాయి. మహాప్రాణాల దగ్గర మాత్రం చాలా తడబడ్డాడు. రెండు నెలలకు ఒక పూర్తి పుట తయారైంది. ఈ మాటలు వ్రాసినవారు కొండవీటి వేంకటకవి గారనీ, ఆయన తెలుగు పండితులనీ చెప్పినప్పుడు వాడు ఆశ్చర్యపోయాడు. ఆ మాటలను రామారావు గారే అప్పటికప్పుడు పలికారని వాని నమ్మకం. తెర మీది గర్జన ముందుగా ఒక కాగితం మీద అక్షరాలుగా ఉండేదన్న సంగతి వానికి కొత్త.

ఒకనాడు ఆ పుటను చూసి చదవమన్నాను. చదివాడు. మునుపటి ఆవేశం లేదు, చేతులు చాచడం లేదు. వేలు పెట్టుకుని, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదివాడు. సగం పుట దగ్గర ఆగి, ఏదో ఆలోచించి, "అయ్యా, దుర్యోధనుడు ఇదంతా కర్ణుడు తన పక్కకు రావాలని చెప్తున్నాడు గదా?" అని అడిగాడు.

నాకు ఒక్క క్షణం మాట రాలేదు. వాడు ఆ సంభాషణను వందసార్లు విన్నాడు, వందసార్లు పలికాడు. ఆ అనుమానం ఎన్నడూ రాలేదు. వేలు పెట్టి నెమ్మదిగా చదివిన మొదటిసారికే వచ్చింది.

"మరి, ఆయన చెప్పిన మాట తప్పా?" అని అడిగాను.

వాడు తల గోక్కున్నాడు. "మాట మంచిదేనయ్యా. పుట్టుకను బట్టి మనిషిని తక్కువ చేయకూడదు. కాని ఆయనకు అర్జునుని ఎదిరించేవాడు కావాలి" అన్నాడు.

మాట మంచిదై ఉండవచ్చు, పలికినవాని అవసరం వేరై ఉండవచ్చు. రెండింటినీ ఒకేసారి చూడగలగడమే గదా పౌరునికి కావలసినది. ఆ చిత్రం 1977లో వచ్చింది. ఐదేండ్ల తర్వాత ఆ పాత్రధారి స్వయంగా జనం ముందుకు వచ్చి మాట్లాడారు. 2008లో చిరంజీవి గారు ప్రజారాజ్యం స్థాపించారు, 2011లో అది కాంగ్రెసులో విలీనమైంది. 2014లో జనసేన స్థాపించిన పవన్ కళ్యాణ్ గారు 2024లో ఉపముఖ్యమంత్రి అయ్యారు. అదే 2024లో ఇక్కడ విజయ్ గారు పార్టీ ప్రారంభించారు. మా పిల్లలు వోటు వేసే నాటికి ఇంకెవరు వస్తారో తెలియదు. ఎవరు వచ్చినా నాకు అభ్యంతరం లేదు. సినిమావారు రాజకీయాలలోకి రాకూడదని నేను అనను. వారిలో ఆకలి ఎరిగినవారు ఉన్నారు. ఎం.జి.ఆర్. గారు 1982లో విస్తరించిన మధ్యాహ్న భోజన పథకం అన్నం తిని చదువుకున్నవాళ్ళు మా తరంలో ఎందరో. వారి మాట విన్న పిల్లవాడు దానిని ఒకసారి కాగితం మీద పెట్టి చదువుకోగలగాలి. నా కోరిక అంతే.

ఆ తర్వాత తరగతిలో అందరిచేత ఒక చిన్న అభ్యాసం చేయిస్తున్నాను. పుటను నిలువుగా మూడు భాగాలు చేయాలి. మొదటి దానిలో ఒక సినిమా సంభాషణ వ్రాయాలి. రెండవ దానిలో "ఈ మాట ఎవరు, ఎవరితో, ఏ అవసరానికి అన్నారు?" అన్నదానికి సమాధానం. మూడవ దానిలో ఆ వారం తెలుగు పత్రికలో వచ్చిన ఏ నాయకుని మాటకైనా అదే ప్రశ్న వేసి వ్రాయాలి. పార్టీల మంచి చెడ్డలు నేను చెప్పను. అది ఉపాధ్యాయుని పని కాదు. ప్రశ్న మాత్రం నేర్పుతాను. తోటి ఉపాధ్యాయులు ప్రయత్నించి చూడగలరు. ఖర్చు లేదు, పిల్లలు విసుగుకోరు.

విద్యా సంవత్సరం చివర ఆ తల్లి మళ్ళీ వచ్చింది. ఆమెకు నేను ఉపన్యాసం చెప్పలేదు. కొడుకు నోటుబుక్కు ఆమె చేతికిచ్చాను. ఆమె పుటలు త్రిప్పి, కాసేపటికి, "నాకు చదవడం రాదు సార్. మా నాన్న నేర్పించలేదు" అన్నది. పక్కనే ఉన్న కొడుకు ఆ పుట తీసుకుని ఆమెకు చదివి వినిపించాడు. ట్యూషన్ సమయం మార్చుకోవచ్చునేమో ఆలోచిస్తామని చెప్పి వెళ్ళింది. వాడు ఈ సంవత్సరం ఎనిమిదవ తరగతి తెలుగు గంటలో ముందు బల్ల మీద కూర్చుంటున్నాడు.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. తెర మన పిల్లల చెవులకు తెలుగు ఇస్తున్నది. అందుకు దానికి కృతజ్ఞతలు చెప్పుకుందాం. కాని వినడం మాత్రమే వచ్చినవాడు చప్పట్లు కొట్టే చోటనే ఆగిపోయే ప్రమాదం ఉన్నది. సింహాసనం వెనక్కి వెళ్ళి మేకులు చూడడం మా నాన్నగారికి పనిలో తెలిసింది, మా అవ్వకు ఆకలిలో తెలిసింది. మన పిల్లలకు పలక మీద తెలియనిద్దాం. వారానికి ఉన్న ఆ రెండు మూడు తెలుగు గంటలను దయచేసి వదులుకోకండి.